శాస్త్రనామాల్లో వడ్డెర తెలుగు: క్షీరద గ్రంథాల్లో ఒక చారిత్రక పరిశీలన

మిల్లార్డియా మెల్టాడా అనేది దక్షిణాసియా పొలాల్లో కనిపించే మెత్తని బొచ్చు గల ఒక ఎలుకకు శాస్త్రనామం. ఇందులోని మొదటి భాగం బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ గౌరవ కార్యదర్శి డబ్ల్యు.ఎస్. మిల్లార్డ్ పేరు మీదుగా వచ్చింది. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం శాస్త్రజ్ఞుడు ఓల్డ్‌ఫీల్డ్ థామస్ 1911లో ఈ ప్రజాతిని ఏర్పరచాడు. రెండో భాగం ఎవరి పేరూ కాదు. అది ధార్వాడ ప్రాంతపు వడ్డెరలు ఆ ఎలుకను పిలిచిన మాట. ఒక విద్వత్సంస్థ కార్యదర్శి పేరు, చెరువులు తవ్విన శ్రామికుల పలుకు ఇలా ఒకే నామంలో పక్కపక్కన నిలిచాయి. కార్యదర్శి ఎవరో గ్రంథాలు గుర్తుంచుకున్నాయి. ఆ పలుకు ఏ భాషదో తెలుగు పరిశోధన ఇంకా పట్టించుకోవలసి ఉంది.

ఈ కథకు మూలం వాల్టర్ ఇలియట్. తెలుగు పాఠకులకు ఆయన అమరావతి శిల్పాలను తవ్వించినవాడుగానే పరిచితుడు. అంతకుముందు మద్రాసు సివిల్ ఉద్యోగిగా దక్షిణ మరాఠా దేశంలో పనిచేస్తూ అక్కడి క్షీరదాల పట్టికను సిద్ధం చేశాడు. అది 1839లో మద్రాస్ లిటరరీ సొసైటీ వెలువరించిన మద్రాస్ జర్నల్ ఆఫ్ లిటరేచర్ అండ్ సైన్స్ పదో సంపుటంలో అచ్చయింది. ఆయన నమూనాల ఆధారంగా జె.ఇ. గ్రే 1837లోనే లండన్‌లో కొత్త జాతులను ప్రకటించాడు. మెల్టాడా, కోక్, లెగ్గాడా అనే పేర్లు అలా శాస్త్రంలోకి ప్రవేశించాయి. ‘కోక్’ అంటే తెలుగువారి కొక్కే. పందికొక్కు ఇంగ్లీషులో బాండికూట్ అయింది. 1873లో గ్రే దానినే బాండికోటా అనే ప్రజాతి నామంగా మార్చాడు. ఆస్ట్రేలియాలో సంచి గల, వీటితో ఏ చుట్టరికమూ లేని జంతువులకు కూడా ఆ పేరే తగిలించడం వేరే విచిత్రం.

ఇలియట్ పట్టిక విలువ కేవలం పేర్లలో లేదు. కొక్కు బొరియలో ధాన్యం దాచుకుంటుందని, వడ్డెరలు బొరియలు తవ్వి జొన్న కంకులతో సహా ఆ ధాన్యాన్ని తీసుకునేవారని, ఒక్కో బొరియలో అర శేరు వరకు దొరికేదని ఆయన రాశాడు. ఎలుకలు కూడా వారికి ఆహారమే. పంట కాలంలో కొందరికి ఈ ధాన్యమే ప్రధానాధారం. 1826లో తొలకరి వానలు సరిగా పడకపోవడంతో మెల్టాడాలు విపరీతంగా పెరిగాయి. విత్తిన గింజను విత్తినట్టే తిన్నాయి; పంట పండబోయే వేళ జొన్న కాడలెక్కి కంకులు తెంపాయి. రైతులు శిస్తు కట్టలేకపోయారు. ఎలుకలను చంపడానికి వడ్డెరలను పెట్టుకుని, ఇన్ని డజన్లకు ఒక కొలత ధాన్యం చొప్పున కూలి ఇచ్చారు. వేలకొద్దీ చంపినా వాటి సంఖ్య తగ్గినట్టు కనిపించలేదు. జంతుశాస్త్ర పట్టికలో దొరికే ఈ కొద్ది వాక్యాలు వ్యవసాయ చరిత్రకారునికి ఒక రెవెన్యూ నివేదికకు తీసిపోనివి.

టి.సి. జెర్డాన్ 1867లో ప్రకటించిన భారతీయ క్షీరదాల గ్రంథం, ఆర్.ఎ. స్టర్న్‌డేల్ 1884 గ్రంథం, డబ్ల్యు.టి. బ్లాన్‌ఫర్డ్ 1888-1891 సంపుటాలు దేశీయ నామాలను ఇస్తూ వచ్చాయి. చిట్టెలుక వీటిలో ‘చిట్ట యెల్క’. 1911లో బొంబాయి సొసైటీ క్షీరద సర్వే ఆరంభించి, ఫలితాలను తన పత్రికలో వరుసగా ప్రచురించింది. నమూనాల సేకరణలో అది అంతకు ముందెన్నడూ జరగని కృషి. ఎల్లర్‌మన్, మోరిసన్-స్కాట్‌ల 1951 నాటి పట్టిక వచ్చేసరికి నామం, తొలి ప్రచురణ, నమూనా దొరికిన చోటు, వ్యాప్తి ప్రధానమయ్యాయి. పల్లె పేర్లకు చోటు లేకపోయింది. శాస్త్రానికి అది లాభమే కావచ్చు. నిఘంటుకారునికి నష్టం.

1919లో ఏర్పడిన అమెరికన్ సొసైటీ ఆఫ్ మామలాజిస్ట్స్ అదే ఏడాది తన పత్రికను, 1969 నుంచి ఒక్కో జాతికి ఒక్కో వ్యాసం చొప్పున మమాలియన్ స్పీషీస్ అనే వరుసను వెలువరిస్తున్నది. నామవ్యుత్పత్తి చెప్పడం ఆ వ్యాసాల్లో పరిపాటి. అక్కడ తెలుగు పదం సరిగా నమోదు కావాలంటే తెలుగు వైపు నుంచి ఆధారం అందాలి. మెల్టాడానే తీసుకుంటే, 19వ శతాబ్ది గ్రంథాల్లోనే ఒకచోట ‘మెల్టాడె’ అని, మరొకచోట వడ్డెర నామంగా ‘మెట్టాడె’ అని ఉంటుంది. జంట ‘టి’ అక్షరాల్లో మొదటిదాని అడ్డగీతను చదివినవారు గమనించక ‘ఎల్’గా తీసుకుని ఉండవచ్చు. అసలు చిక్కు ఆ తర్వాతిది. రోమన్ లిపిలో త, ట ఒకటే. ఆ మాట ‘మెత్త’ నుంచి వచ్చిందైతే బొచ్చును చెబుతుంది. ‘మెట్ట’ నుంచి వచ్చిందైతే అది తిరిగే పొలాన్ని చెబుతుంది. ఇంగ్లీషులో దానికి మెత్తని బొచ్చు ఎలుక అనే పేరుండడం మొదటి ఊహకు బలం. నల్లరేగడి బీటల్లో తలదాచుకుంటుందన్న ఇలియట్ వర్ణన రెండోదానికి.

నల్గొండ జిల్లా హాలియా పరిసరాల్లో మెట్టను చెలక అనడమే ఎక్కువ. సాగర్ ఎడమ కాలువ నీటితో అక్కడి చెలకల్లో ఎంతో భాగం వరి మడులైంది. గట్లు తొలిచే పందికొక్కు బాధ మాత్రం పోలేదు. ఎలుకలను ఒక్కోదాన్ని ఒక్కో పేరుతో గుర్తించే వృద్ధులు వడ్డెర వాడల్లో ఉన్న కాలంలోనే ఆ పేర్లను ధ్వనిముద్రణతో సేకరించి, ఇలియట్ పట్టికతో పోల్చడం సాధ్యం. త, ట మధ్య తగవును తీర్చగలిగేది లండన్ నమూనా కాదు, అక్కడ వినబడే ఉచ్చారణ.