చెవి పోయిన తాళము

మొన్న బాటలో నా కారుచక్రము పంక్చరైనది. చక్రమును పట్టియుండు నట్లలో నొకటి దొంగలు విప్పలేని తాళపు నట్టు. దాని చెవి యెచ్చటనో పోయినది. మెకానిక్కు రవంత బిగువైన సాకెట్టును నట్టుపై సుత్తితో దిగగొట్టి, పొడవాటి కడ్డీతో త్రిప్పి యూడదీసెను. సంతసించితిని. కాని యీ యుపాయము దొంగ యెరుగడా?

ఈ ప్రశ్న ప్రాతదే. 1784లో ఇంగ్లండున జోసెఫ్ బ్రామా యను శిల్పి క్రొత్త తాళమునకు పేటెంటు పొందెను. చెవి లేక తెరచినవారికి 200 గినీలిత్తునని ప్రకటించి, అట్టి తాళము నొకదానిని లండనులో తన అంగడి కిటికీయందు నిలిపెను. 1814లో ఆయన మరణించునాటికిని అది లొంగలేదు. 1851లో మహాప్రదర్శనమునకు వచ్చిన అమెరికావాసి ఆల్ఫ్రెడ్ హాబ్సు 16 దినములలో 51 గంటలు శ్రమించి తెరచెను.

తాళముల లోపములు వెల్లడించుట దొంగలకు పాఠము చెప్పుటయే యని కొందరు నిందించిరి. దొంగలకా విద్య ముందే తెలియును, తెలిసికొనవలసినది తాళము కొన్నవారే యని హాబ్సు పక్షము. నాకదియే నిజమని తోచినది. తాళము దొంగను ఆపదు, ఆలస్యము చేయును. ఆ 51 గంటలే బ్రామా గెలుపు.

నేను క్రొత్తచెవి సంఖ్యను కాగితముపై వ్రాసి యింట దాచితిని; దానితో మారుచెవి తెప్పించుకొనవచ్చును.