మేసిన చేను, రక్తం రంగు: కృష్ణా డెల్టా నుంచి ప్రకాశం మెట్ట దాకా పశువుల విషబాధల నిర్ధారణ

పొద్దున మేతకు తోలిన ఆవు మధ్యాహ్నానికి రొప్పుతూ, చొల్లు కారుస్తూ చేలో పడిపోతే గుంటూరు, ప్రకాశం ఊళ్లలో మొదట వినబడేది ‘ఏదో తిన్నది’ అన్న మాటే. ఆ ‘ఏదో’ ఇక్కడ తరచు మూడింట్లో ఒకటి: జొన్న నాము, నైట్రేటు, పురుగుమందు. దూరాన్నుంచి చూస్తే మూడూ ఒకేలా ఉంటాయి. ఒకదానికి విరుగుడైన మందు మరొకదానికి విషమవుతుంది.

కోసిన మోళ్లకు మళ్లీ వచ్చే జొన్న పిలకలనే నాము అంటారు. తెనాలి, బాపట్ల వైపు వరి మాగాణుల్లో దుక్కి లేకుండానే జొన్న వేస్తున్నారు. కోత అయ్యాక పచ్చగా కనబడేది ఆ పిలకలే. మెట్టలోనైతే వానలు మొహం చాటేసి గిడసబారిన లేత పైరు అంతే ప్రమాదం. ఆకులోని దుర్రిన్ అనే పదార్థం నమిలినప్పుడు విడిపోయి హైడ్రోసయానిక్ ఆమ్లం పుడుతుంది. ప్రాణం తీయడానికి కిలో శరీర బరువుకు సుమారు 2 మిల్లీగ్రాములు చాలు, అంటే 300 కిలోల ఆవుకు గ్రాము కూడా అక్కర్లేదు. రక్తంలో ప్రాణవాయువు ఉన్నా కణాలు వాడుకోలేవు. అందుకే పెదవి తిప్పి చూస్తే చిగురు పాలిపోయి ఉండదు, ఎర్రగా ఉంటుంది. సిర నుంచి తీసిన రక్తం కూడా దానిమ్మ గింజ రంగులో వస్తుంది.

అదే జొన్నకు యూరియా ఎక్కువై, ఆపైన మబ్బు కమ్మితే కథ మారుతుంది. ఆకులో పేరుకున్న నైట్రేటు పెద్ద పొట్టలో నైట్రైటుగా మారి, రక్తం ప్రాణవాయువును మోయలేకుండా చేస్తుంది. రక్తం బెల్లప్పాకం రంగుకు తిరుగుతుంది, గాలి తగిలినా ఎర్రబడదు. దీనికి మిథిలీన్ బ్లూ ఎక్కిస్తారు. నాముకు సోడియం నైట్రైటు, వెంటనే సోడియం థయోసల్ఫేటు సిరలోకి ఇవ్వడం పాత పద్ధతి. రంగు చూడకుండా నైట్రేటు ఆవుకు ఆ నైట్రైటు ఇస్తే, ఉన్న విషానికి మరికొంత కలిపినట్టే. సందేహం ఉన్నప్పుడు థయోసల్ఫేటు ఒక్కటే ఇవ్వడం మేలని నా అభిప్రాయం.

పత్తి, మిరప చేలగట్ల మీద మేసిన ఆవు సంగతి వేరు. ఆర్గానోఫాస్ఫేటు మందు తగిలితే కనుపాప సూదిమొనంత అవుతుంది. కండరాలు అదురుతాయి, పారుడు పట్టుకుంటుంది. అట్రోపిన్ పనిచేస్తుంది, కానీ పొట్ట కదలికను ఆపేస్తుంది కనుక ఉబ్బరం మీద కన్నేసి ఉంచాలి.

ఇంత తెలిసినా నిర్ధారణకు అసలు అడ్డం వేరే ఉంది. ఆవు పక్కవాడి చేలో పడి మేసిందని కాపరి ఒప్పుకోడు. దొంగమేత అంటే తగువు, తప్పు. నిన్న సాయంత్రం మందు కొట్టానని చేను ఆసామీ కూడా చెప్పడు. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది గానీ నాము అంతసేపు ఆగకపోవచ్చు. అందుకే దవడ సందులో చిక్కిన ఆకు ముక్క కోసం చూడాలి, తొడుగు వేసుకున్న చేత్తోనే. చొల్లు కార్చే ఆవును పిచ్చికుక్క కరిచి కూడా ఉండొచ్చు.