జ్ఞానదంతము: ఉంచుటయా, తీయించుటయా?

ఇరువది యేండ్ల ప్రాయమున దవడ చివర పన్ను మొలచుచు బాధించినపుడు, బెజవాడ ఇండ్లలో పెద్దలు “బుద్ధి వచ్చుచున్నదిలే” అని పరిహాసమాడుదురు. ఆ పేరు మనది కాదు, పాశ్చాత్యుల మాటకు తెనిగింపు. కొందరు స్త్రీలకు ఎనుబదియవ యేటగూడ ఈ పన్ను మొలచినదని అరిస్టాటిల్ వ్రాసినాడు. జ్ఞానమునకు ఆలస్యమైనను దోషము లేదు కాబోలు!

మన సుశ్రుతుడు జ్ఞానము మాట యెత్తలేదు, రోగము మాటయే యెత్తినాడు. ఆయన సంహితలో రెండు వ్యాధులు వేరువేరుగా కలవు. మొదటిది వర్ధనము: అధికదంతము తీవ్రవేదనతో మొలచును, మొలచిన పిదప నొప్పి తానే శమించును. లక్షణమును బట్టి చూడ జ్ఞానదంతపు నొప్పియే మనకు స్ఫురించును. రెండవది అధిమాంసకము: దవడ చివరి దంతమువద్ద గొప్ప వాపు, నొప్పి, లాలాజలము కారుట. దీనికి ఆయన చెప్పినది పన్ను పెరుకుట కాదు. పెరిగిన మాంసమును కోసి, వస, యవక్షారము మున్నగువాని చూర్ణమును తేనెతో అద్దుట. అధికదంతమును మాత్రము పెరికి అగ్నికర్మ చేయుమన్నాడు. పైపన్ను కదలుచున్నను పెరుకరాదనియు, రక్తము అతిగా స్రవించి చూపు పోవుననియు హెచ్చరించినాడు.

పెరుకుటలోని బాధను తగ్గించు మార్గము 1844లో తెరచుకొన్నది. ఆ యేడు డిసెంబరు 11న అమెరికాలో హోరేస్ వెల్స్ అను దంతవైద్యుడు నైట్రస్ ఆక్సైడ్ వాయువును పీల్చి తన పన్నునే తీయించుకొనెను. అదియు జ్ఞానదంతమే! నొప్పి తగ్గగా తీయుట సులువైనది. సులువైనదెల్ల చేయదగినదే యను భ్రాంతియు పుట్టినది. బాధింపని పండ్లను సైతము ముందుజాగ్రత్తగా తీయు వాడుక ప్రబలెను. 2000లో బ్రిటనునందలి ‘నైస్’ సంస్థ, రోగము లేని జ్ఞానదంతమును ఊరక తీయుట మానవలెనని సూచించినది. వయసు ముదిరిన కొలది ఎముక గట్టిపడి శస్త్రము కష్టమగును గనుక యౌవనముననే తీయుట మేలనువారు అమెరికాలో నేటికిని పెక్కురు.

మెత్తని ఆహారమువలన దవడ యెదుగుదల తగ్గి చివరిపంటికి చోటు చాలదని పండితులనేకుల యభిప్రాయము. మెత్తని వరియన్నము తినుచు, వుయ్యూరు చెరకును నమలుట మాని రసముగా త్రాగుచున్న డెల్టావాసులకు ఇది వర్తింపకపోదు.

విజయవాడ ఆకాశవాణి కేంద్రము వెలసిన 1948లోనే దేశమునకు దంతవైద్యుల చట్టము వచ్చినది. నేడు ఈ నగరముననే ప్రభుత్వ దంతవైద్య కళాశాల కలదు. వాపు మాటిమాటికి వచ్చుచున్నను, పన్ను బాగుచేయరానంతగా పుచ్చినను, పొరుగుపంటిని చెరచుచున్నను తీయించుటయే యుక్తము. అంతకుముందు, క్రిందిపంటి వేళ్లకును, క్రిందిపెదవికి స్పర్శనిచ్చు నాడికిని నడుమ ఎంత యెడమున్నదో ఎక్స్‌రేలో చూడుమని వైద్యుని అడుగవలెను. ఆ నాడి దెబ్బతిన్నచో పెదవి మొద్దుబారును, ఒక్కొక్కప్పుడు శాశ్వతముగా.