బడి గడప దాటిన ఇంటి మాట

ముప్పై ఏళ్ళ కిందటి మాట. పార్వతీపురం అవతల కొండదారిలో ఒక ఏకోపాధ్యాయ పాఠశాలలో పనిచేస్తున్నాను. అప్పట్లో అది మా విజయనగరం జిల్లాయే. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా అయింది. ఇంటి గురించి రెండు వాక్యాలు రాయమంటే మూడో తరగతి పిల్ల ఒకతె, “మాయమ్మ బేగి లెగిసి సంతకెల్లింది” అని రాసి తెచ్చింది. ఎర్ర కలం తీసి ‘బేగి’ కొట్టేసి ‘త్వరగా’ అని రాశాను. ‘లెగిసి’ని ‘లేచి’ చేశాను. ‘సంతకెల్లింది’ కింద గీత గీసి ‘సంతకు వెళ్ళింది’ అని దిద్దాను. నాలుగు మాటల వాక్యంలో నేను ముట్టుకోనిది ‘మాయమ్మ’ ఒక్కటే. మర్నాడు మళ్ళీ రాయమంటే ఆ పిల్ల ఖాళీ పేజీ చూపించింది. పక్క వరసలో కూర్చునే సవర తెగ పిల్లలైతే అసలు నోరే విప్పేవారు కాదు.

నేను పుట్టి పెరిగింది విజయనగరంలో. సరిగ్గా ఈ ఎర్ర గీతల గురించే మా ఊరివాళ్ళు నా కంటే తొంభై ఏళ్ళ ముందు కొట్లాడారు. ఆ సంగతి చిన్నప్పటి నుంచి వింటూ పెరిగి కూడా నేను ఆ గీతలు గీశాను. అందుకే ఆ పాత కథను మళ్ళీ మొదటినుంచీ తవ్వుకున్నాను.

మా ఊరంటే కోట, పైడితల్లమ్మ సిరిమాను, గంటస్తంభం అంటారు అందరూ. నాకు మాత్రం ముందు బడి గుర్తొస్తుంది. 1857లో మహారాజావారు పెట్టిన బడి 1879కి కాలేజీ అయింది. 1875లో తండ్రి పోయి, మేనమామగారింట్లో ఉంటూ ఆ బడికి వచ్చిన కుర్రాడు గిడుగు రామమూర్తి. అక్కడే ఆయనకు సహాధ్యాయి గురజాడ అప్పారావు. ఒకే బడిలో చదివిన ఈ ఇద్దరూ తర్వాత పంతుళ్ళే అయ్యారు. రామమూర్తిగారు 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ముప్పై రూపాయల జీతానికి చేరారు. అప్పారావుగారు 1884లో ఇక్కడే, చదువుకున్న బడిలోనే, పాతిక రూపాయల జీతానికి కుదిరారు. తెలుగు చదువు తీరు మార్చాలన్న తలంపు ఇలా నెల జీతం మీద బతికే ఇద్దరు బడిపంతుళ్ళ దగ్గర పుట్టింది.

ఇంకో సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. అప్పటి రాజావారు ఆనందగజపతి, డబ్బు పుచ్చుకుని ఆడపిల్లలకు చేసే కన్యాశుల్కం పెళ్ళిళ్ళ లెక్క తీయించారు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో 1034 పెళ్ళిళ్ళు తేలాయని, అందులో ఐదేళ్ళ పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు ఉన్నారని గురజాడ తన ‘కన్యాశుల్కం’ నాటకం ముందుమాటలో రాశారు. మనసు కదిలితే సరిపోదు, లెక్క కట్టి ముందు పెట్టాలి అన్న పట్టు ఈ ఊరికి అప్పుడే అలవడింది. తర్వాత వచ్చిన భాష గొడవలో అదే పనికొచ్చింది.

రామమూర్తిగారి కథలో మలుపు పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో వచ్చింది. ఊళ్ళోకి వచ్చే సవరలను ఆయన రోజూ చూసేవారు. వాళ్ళ మాట ఊళ్ళో ఎక్కువమందికి తెలియదు. నేర్పే పుస్తకమూ లేదు. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆయన ఆ భాష నేర్చుకున్నారు. ఆ భాషలోనే వాచకాలు రాసి, సొంత డబ్బుతో సవర పిల్లలకు చదువు చెప్పే ఏర్పాట్లు చేశారు. పంతులు పిల్లవాడి భాష నేర్చుకోవడమా, పిల్లవాడు పంతులు భాష నేర్చుకోవడమా అన్న ప్రశ్న ఆయన ముందు మొదట సవర పిల్లల రూపంలోనే నిలబడింది. తెలుగు పిల్లలకు తెలుగు చెప్పడంలో ఉన్న తప్పు ఆయన కంటికి అంత స్పష్టంగా ఆనడానికి ఆ కొండల అనుభవమే కారణమని నా గట్టి నమ్మకం. వాడుక భాష కోసం సాగిన వ్యావహారిక భాషోద్యమం అనగానే పండితుల వాదాలు చెప్పుకుంటాం. సవర పిల్లలను ఆ కథ చివర ఒక వాక్యంలో తగిలిస్తాం. అసలు మొదలు పెట్టాల్సింది వాళ్ళతోనే.

ఇక 1906, 1907 నాటికి వద్దాం. ఉత్తర సర్కారు జిల్లాల బడులు తనిఖీ చేసే అధికారిగా జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర వచ్చారు. చిన్న తరగతుల్లో తెలుగు పాఠం చెప్పే తీరు ఆయనకు వింతగా తోచింది. పంతులు పుస్తకం చూసి ఒక వాక్యం చదువుతాడు. ఆ వాక్యం పిల్లలకు అర్థం కాదు. అందుకని అదే సంగతి తన మాటల్లో చెబుతాడు. పిల్లలకు అర్థమవుతుంది. రాయమనేసరికి మాత్రం అర్థమైన మాట రాయకూడదు, అర్థం కాని మాటే రాయాలి. ‘ఉంది’ అనే పిల్లవాడు ‘కలదు’ అని రాయాలి. ‘కాకిని చూశాడు’ అనేవాడు ‘చూచెఁ గాకిని’ అని ద్రుతం అరసున్నగా మారి, కకారం గకారమయ్యే దారి పట్టుకోవాలి. తెలుగు పిల్లవాడికి తెలుగు పరాయి భాషలా ఎందుకు నేర్పుతున్నారని యేట్స్ అడిగారు. దానికి జవాబు విజయనగరంలో గురజాడ, పర్లాకిమిడిలో గిడుగు చెప్పగలరని ఆయనతో అన్నది విశాఖపట్నం ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు. ఆయన ఇంటి భాష తమిళం.

ఈ నలుగురి పొత్తు చూడండి. ఒకరు సర్కారు కొలువులో ఉన్న దొర. ఒకరు తమిళనాట పుట్టి ఇక్కడ కాలేజీ నడిపే ప్రిన్సిపాలు. ఒకరు సంస్థానంలో పలుకుబడి ఉన్న రచయిత. ఇంకొకరు సవర కొండల అంచున ఉన్న బడిపంతులు. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో బలం ఉంది. యేట్స్ మాట మద్రాసులో చెల్లుతుంది. అయ్యంగారి మాట పంతుళ్ళు వింటారు. గురజాడకు రాజుగారి కోటలో చోటుంది, ఏ పండితుడితోనైనా సరితూగే చదువుంది. గిడుగుకు ఓపిక ఉంది, సాక్ష్యాలు పోగుచేసే పట్టుదల ఉంది. వీళ్ళలో ఎవరైనా ఒంటరిగా మొదలుపెట్టి ఉంటే అది ఒక మంచి ఉపన్యాసంగానో, ఒక పత్రికలో వ్యాసంగానో మిగిలేది.

వీళ్ళు ఉన్నది మూడు ఊళ్ళలో. పర్లాకిమిడి నుంచి బయటికి రావాలంటే 1900లో రాజావారు వేయించిన సన్నపట్టాల రైలెక్కి నౌపడ చేరాలి. అక్కడ దిగి మెయిన్ లైను బండి పట్టుకుంటే శ్రీకాకుళం రోడ్డు, చీపురుపల్లి దాటి విజయనగరం వస్తుంది. ఆపైన విశాఖపట్నానికి దిగే వాల్తేరు. ఇప్పటికీ మా స్టేషన్లో హౌరా నుంచి వచ్చే బండి ఆగినప్పుడల్లా ఆ దారిలో ఎన్ని ఉత్తరాలు, ఎన్ని పుస్తకాల కట్టలు అటూ ఇటూ తిరిగి ఉంటాయో అనిపిస్తుంది.

తెలుగు బోధన బాగుచేయడానికి అయ్యంగారి ఆధ్వర్యాన ఒక సంఘం ఏర్పడింది. మాటలతోనే ఆగిపోలేదు. బడి పిల్లలు చదువుకునేందుకు వాడుక భాషలో పుస్తకాలు వచ్చాయి. సెట్టి లక్ష్మీనరసింహంగారి గ్రీకు పురాణ కథలు అలాంటివే. గిడుగువారు ఊరూరా తిరిగి గంటల తరబడి మాట్లాడేవారు. వాడుక భాష గొప్పదని ఆయన ఊరికే పొగడలేదు. గ్రాంథికమే, అంటే పాత పుస్తకాల భాషే రాయాలని పట్టుబట్టే పండితుల రాతలే తెచ్చి, వాళ్ళ వ్యాకరణం ప్రకారమే అందులో ఎన్ని తప్పులున్నాయో ఏరి చూపించారు. పండితులకే పట్టుబడని భాషలో పదేళ్ళ పిల్లవాడిని పరీక్ష రాయమనడం ఏం న్యాయమని అడిగారు. ఆ సాక్ష్యాలన్నీ 1933లో ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’ అనే పుస్తకంగా వచ్చాయి. ఆనందగజపతి తీయించిన లెక్క చదివినప్పుడల్లా నాకు ఈ పుస్తకం గుర్తొస్తుంది.

స్కూలు ఫైనల్ పరీక్షలో వ్యాసం కావ్యభాషలోనైనా, వాడుక భాషలోనైనా రాయవచ్చని 1912-13లో అనుమతి వచ్చింది. అప్పటికే ఎదురుగాలి మొదలైంది. 1911 మే నెలలో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పుట్టింది. జయంతి రామయ్య పంతులుగారి వంటి పెద్దలు గ్రాంథికం వైపు నిలబడ్డారు. వాళ్ళను తేలిగ్గా తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. పాత కావ్యాలతో తెగతెంపులవుతాయేమోనన్న వాళ్ళ భయంలో నిజం లేకపోలేదు. కాకపోతే ఆ భయానికి మూల్యం చెల్లించింది పలక పట్టుకున్న పిల్లలు. గ్రాంథికం వైపే మొగ్గిన మద్రాసు విశ్వవిద్యాలయ సంఘంలో ఉన్న గురజాడ తన అసమ్మతి పత్రం రాసి 1914లో అచ్చు వేయించారు. ఆ ఏట ఆయన చేసిన పనికి లెక్కలేదు. ఆరోగ్యం అప్పటికే దెబ్బతింది. 1915లో వాడుక భాషకు ఇచ్చిన అనుమతిని సర్కారు వెనక్కి తీసుకుంది. అదే ఏడాది నవంబరు 30న ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయనకు యాభై మూడేళ్ళు. విజయనగరంలో ఆయన ఉన్న ఇల్లు ఇప్పుడు స్మారక గ్రంథాలయం. ఆ గుమ్మం ముందు నిలబడినప్పుడల్లా నాకు ‘కన్యాశుల్కం’ కంటే ముందు ఆ అసమ్మతి పత్రమే మనసులో మెదులుతుంది. ఓడిపోయిన ఏడాదిలో పోయిన మనిషి ఆయన.

గిడుగు ఒక్కరే మిగిలారు. అయినా పొత్తు కలపడం మానలేదు. రాజమండ్రి వెళ్ళి కందుకూరి వీరేశలింగంగారిని ఒప్పించారు. ఎక్కువగా గ్రాంథికంలోనే రాసిన ఆ పెద్దాయన, 1919 ఫిబ్రవరిలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షులయ్యారు. గిడుగు కార్యదర్శి. మూడు నెలలకే వీరేశలింగంగారు పోయారు. గిడుగు ‘తెలుగు’ అనే మాసపత్రిక నడిపారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు అచ్చయ్యాయి. ఈ రెండింటి నడుమ, 1936లో, ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరిపోయింది. అర్ధశతాబ్దం పైగా బతికిన ఊరు వదిలి, డెబ్బై దాటిన వయసులో ఆయన రాజమండ్రికి మూటాముల్లె సర్దుకున్నారు. 1940 జనవరి 22న పోయారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న ఏటా బడుల్లో తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, దండ వేస్తాం. ఆ రోజు సవర మాట ఎక్కడా వినబడదు.

సవర పిల్లల సంగతి సర్కారు మళ్ళీ పట్టించుకునే నాటికి ఆయన పోయి అరవై ఏళ్ళకు పైగా గడిచాయి. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టే పథకం వచ్చింది. కొన్ని బడుల్లో సవర వాచకాలు తెలుగు లిపిలో అచ్చువేసి ఇచ్చారు. ఆ భాష వచ్చినవాళ్ళను బడుల్లో పెట్టారు. ఆ వాచకం మొదటిసారి చేతిలోకి తీసుకున్న రోజు నేను చాలాసేపు పేజీలు తిప్పుతూ కూర్చున్నాను. నేను కొండ మీద పనిచేసిన ఏళ్ళలో నా దగ్గర అలాంటిది ఒక్కటీ లేదు.

ఆ రోజుల్లో మాకు నెలకోసారి స్కూలు కాంప్లెక్స్ మీటింగు ఉండేది. ఏడెనిమిది బడుల పంతుళ్ళం ఒకచోట కూర్చునేవాళ్ళం. హాజరుపట్టీలు, జీతాల బిల్లులు అయ్యేసరికి మధ్యాహ్నం అయ్యేది. ఒకసారి నేను ఆ ఎర్ర గీతల సంగతి లేవదీశాను. కురుపాం వైపు నుంచి వచ్చిన ఒక పెద్ద మాస్టారు, “నీకు ‘బేగి’ అర్థం కాలేదా?” అని అడిగారు. అయిందన్నాను. “మరి కొట్టేసింది ఎవరి కోసం?” అన్నారు. ఆ గదిలో ఉన్నవాళ్ళం అందరం అలాంటి గీతలు గీసినవాళ్ళమే. ఆ నెల నుంచి ఒక నోటుబుక్కు పెట్టుకున్నాం. పిల్లలు వాడే మాటలు ఎవరికి వినబడినవి వాళ్ళు రాసుకొచ్చి అందులో ఎక్కించేవాళ్ళం. పార్వతీపురం వైపు ఒక మాట, బొబ్బిలి వైపు ఒక మాట, చీపురుపల్లి వైపు ఇంకోటి. మూడు నెలలకే ఆ పుస్తకం సగం నిండింది.

ఖాళీ పేజీ చూపించిన పిల్లను మళ్ళీ పిలిచాను. రాయొద్దు, నోటితో చెప్పమన్నాను. చాలాసేపు తలొంచుకుని నిలబడి, చివరికి చెప్పింది. ఆమె అన్నది అన్నట్టే బోర్డు మీద రాశాను. ‘మాయమ్మ బేగి లెగిసి సంతకెల్లింది.’ దాని కింద, ‘మా అమ్మ త్వరగా లేచి సంతకు వెళ్ళింది’ అని రాసి, పుస్తకంలో ఇలా ఉంటుంది, ఇంట్లో అలా అంటాం, రెండూ మన మాటలే అన్నాను. తరగతంతా రెండూ చదివారు. మొదటిది గట్టిగా చదివారు.

అప్పుడు వెనక వరసలోంచి ఒక సవర కుర్రాడు లేచాడు. ఆ ఏడాదంతా నేను వాడి గొంతు వినలేదు. బోర్డు వైపు చూపిస్తూ అదే సంగతి వాడి భాషలో చెప్పాడు. వాడి పక్కనున్నవాళ్ళు నవ్వి, వాళ్ళూ అన్నారు. సుద్దముక్క చేతిలోనే ఉంది. వాడన్నది ఎలా రాయాలో నాకు తెలియలేదు. మెల్లగా మళ్ళీ చెప్పమన్నాను. వాడు ఒక్కో మాటా విడదీసి చెప్పాడు, నేను ఒక్కో అక్షరం పేర్చుకుంటూ పోయాను. తప్పు రాసినచోట వాడు తల అడ్డంగా ఊపాడు. చెరిపేసి మళ్ళీ రాశాను.