ఆగినచోటే కారు ఎందుకు వణుకుతుంది? బానెట్ కింద ఉన్న చరిత్ర

మా పిట్టలవానిపాలెం మండలం అనగానే చరిత్ర తెలిసినవాళ్లకి చందోలు గుర్తొస్తుంది. వెలనాటి చోడుల రాజధాని అది. అయితే ఈ ఎపిసోడ్‌లో రాజుల గురించి కాదు, కారు ఇంజన్ గురించి మాట్లాడుకుందాం. ఇదీ చరిత్రే, పైగా మన జేబుకి తగిలే చరిత్ర.

మా చుట్టుపక్కల కుర్రాళ్లు చాలామంది 2002 నుంచి 2008 మధ్య తయారైన సెకండ్ హ్యాండ్ కార్లు కొంటున్నారు. రోడ్డెక్కితే బాగానే పోతాయి. రైలు గేటు దగ్గర ఆగారా, స్టీరింగ్ నుంచి సీటు దాకా గజగజ వణుకుతాయి. షెడ్డుకి తీసుకెళ్తే ఒకరు సెన్సార్ పోయిందంటారు, ఇంకొకరు ఇంజెక్టర్లు మార్చాలంటారు. అసలు ఈ జబ్బు ఎక్కడ పుట్టిందో చూద్దాం.

పాత అంబాసిడర్లు, ఫియట్లు, మొదటి తరం మారుతి 800లు, వీటన్నిటికీ కార్బరేటరే. ఐడ్లింగ్ సరిగ్గా లేకపోతే మెకానిక్ స్క్రూడ్రైవర్ పట్టుకుని స్లో స్పీడ్ స్క్రూ కాస్త, ఎయిర్ స్క్రూ కాస్త తిప్పేవాడు. చెవితో విని సరిచేసేవాడు. ఐదు నిమిషాల పని.

మరి ఆ స్క్రూ పని ఎలా పోయింది? గాలి గొడవ వల్ల. ముందు అమెరికాలో చూడండి. కాలిఫోర్నియాలో పొగ మీద ఆంక్షలు బిగుస్తున్న రోజుల్లో, 1967లో ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ బాష్ తయారుచేసిన ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌తో కార్లు తెచ్చింది. మన దగ్గర ఢిల్లీ కాలుష్యం మీద ఎం.సి.మెహతా 1985లో సుప్రీంకోర్టుకి వెళ్లారు. ఆ కేసులోనే 1999 ఏప్రిల్ 29న కోర్టు రాజధాని ప్రాంతంలో కొత్త కార్లకి యూరో ప్రమాణాలు తప్పనిసరి అంది. 2000 ఫిబ్రవరికి దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. అదే ఏడాది ఏప్రిల్ నుంచి ఇండియా 2000 ప్రమాణాలు వచ్చాయి. 1998లో వచ్చిన శాంత్రోకి మొదటి నుంచే ఎంపీఎఫ్ఐ ఉంది. 2000లో మారుతి 800కి కూడా వచ్చేసింది.

ఎందుకంటే, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగ్గా పనిచేయాలంటే బరువు లెక్కన 14.7 వంతుల గాలికి ఒక వంతు పెట్రోలు ఉండాలి. కార్బరేటర్ ఆ లెక్క ప్రతి క్షణం తప్పకుండా పాటించలేదు. అందుకని సైలెన్సర్ పైపులో ఆక్సిజన్ సెన్సార్, లోపల ఒక చిన్న కంప్యూటర్ పెట్టారు. ఐడ్లింగ్ చూసుకునే పని మెకానిక్ చేతిలోంచి ఈసీయూకి వెళ్లిపోయింది.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఎంపీఎఫ్ఐ బండికి కూడా థ్రాటిల్ దగ్గర ఒక స్క్రూ కనిపిస్తుంది. అది ఫ్యాక్టరీలోనే సెట్ చేసి సీలు వేసింది. దాన్ని తిప్పితే కంప్యూటర్ లెక్క తప్పుతుంది. ఆ స్క్రూ జోలికి వెళ్లకండి.

సరే, ఆగినప్పుడే ఎందుకు వణుకు? ఐడ్లింగ్‌లో థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది. ఇంజన్ పీల్చే గాలి చాలా తక్కువ. ఎక్కడో గొట్టం చిట్లి కాస్త దొంగగాలి దూరినా, ఆ తక్కువలో అదే పెద్ద వాటా. స్పీడులో బోలెడంత గాలి వెళ్తుంది కాబట్టి ఆ కాస్తా తెలియదు. ఇంకో లెక్క. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరిగితే సెకనుకి సుమారు 27 సార్లు మంట అంటుకోవాలి. ఒక సిలిండర్ మిస్సింగ్ కొడితే సెకనుకి ఆరేడు దెబ్బలు తగ్గుతాయి. ఆ లోటే మీ సీటు కింద వణుకు.

మా బాబాయి కారుకి ఇదే జరిగింది. ఒక షెడ్డులో నాలుగు ఇంజెక్టర్లూ మార్చమన్నారు. మార్చేముందు ఊళ్లో కార్బరేటర్ల కాలం నుంచి పనిచేస్తున్న పెద్ద మేస్త్రికి చూపించాం. ఆయన దగ్గర స్కానర్ లేదు. "అబ్బాయ్, ఏసీ ఆపు, ఆ పాట కూడా ఆపు. ఇప్పుడు బ్రేకు తొక్కి పట్టుకో" అన్నాడు. తొక్కగానే ఐడ్లింగ్ మారింది. వదిలితే మళ్లీ మారింది. బ్రేక్ బూస్టర్‌కి వెళ్లే వాక్యూమ్ గొట్టం చిట్లి ఉంది. ఇంజెక్టర్లు మార్చి ఉంటే డబ్బు పోయేది, చిట్లిన గొట్టం అలాగే ఉండేది. ఆ గొట్టం పూర్తిగా తెగితే పెడల్ రాయిలా బిగుసుకుపోతుంది, బండి ఆపడానికి బలమంతా పెట్టాలి. అంటే ఆ వణుకు బ్రేకుల గురించి వచ్చిన హెచ్చరిక అన్నమాట.

అందుకే ఖర్చు తక్కువ నుంచి ఎక్కువకి వెళ్లాలి. మొదట కళ్లతో, చెవులతో చూడండి. గొట్టాలు చిట్లాయా, బుస్సుమని శబ్దం ఉందా, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయిందా? మాది సముద్రానికి దగ్గర, ఉప్పు గాలి. ఎర్త్ వైరు, కనెక్టర్లు పచ్చగా పాచి పడతాయి. వరి కోతల తర్వాత పొలం ఎలుకలు బానెట్‌లో చేరి వైర్లు కొరికేస్తాయి. ఇవి చూడటానికి పైసా ఖర్చు లేదు.

తర్వాత థ్రాటిల్ బాడీ, ఐడిల్ వాల్వులో మసి. శుభ్రం చేయిస్తే చాలాసార్లు సగం జబ్బు పోతుంది. బ్యాటరీ తీసి పెట్టాక కంప్యూటర్ ఐడ్లింగ్ మళ్లీ నేర్చుకోవడానికి కొంత సమయం పడుతుంది, కంగారు పడకండి.

అప్పటికీ ఒకే తాళంలో వణికితే ఏ సిలిండరో పట్టుకోవాలి. నడుస్తున్న ఇంజన్‌లో ప్లగ్ వైరు లాగకండి. షాక్ కొడుతుంది, కాలని పెట్రోలు వెళ్లి కన్వర్టర్ కూడా పాడవుతుంది. మేస్త్రి చేత, ఇంజన్ ఆపి, ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్ తీయించి స్టార్ట్ చేయించండి. ఏది తీసినా తేడా రాలేదో అదే బద్ధకపు సిలిండర్. దాని ప్లగ్గు పక్కదానికి మార్చండి. జబ్బు ప్లగ్గుతో పాటు వెళ్లిందా, ప్లగ్గే దొంగ. వెళ్లలేదా, అప్పుడు వైరు, కాయిల్, ఇంజెక్టర్, కంప్రెషన్.

మరి ఫోన్‌కి బ్లూటూత్ స్కానర్ కలిపితే సరిపోదా అంటారు. అమెరికాలో 1996 నుంచే ఓబీడీ 2 తప్పనిసరి. మన దగ్గర ఓబీడీ నిబంధన 2010లో భారత్ స్టేజ్ 4తో మొదలైంది. అంతకుముందు బళ్లు చాలావాటితో మీ యాప్ మాట్లాడదు. మాట్లాడినా "మిస్‌ఫైర్" అని చెబుతుంది కానీ గొట్టం ఎక్కడ చిట్లిందో చూపించదు.

ఈ మార్పు వల్ల మన గాలికి మేలు జరిగింది, అందులో అనుమానం లేదు. కానీ కంప్యూటర్ వచ్చిందని "ఇక మన పని అయిపోయింది" అనుకుని పక్కకి తప్పుకున్న మేస్త్రులు చాలా ఊళ్లలో ఉన్నారు. ఈసీయూ పెట్రోలు లెక్క చూసుకుంటుంది, చిట్లిన రబ్బరుని వినే చెవి మాత్రం వాళ్ల దగ్గరే ఉంది. పాత ఎంపీఎఫ్ఐ బండి ఉంటే, భాగాలు మార్పించేముందు అలాంటి మేస్త్రి ఒకరికి చూపించండి. ముందుగా బ్రేకు తొక్కి చూడండి.