షేరు పాత ధరలు: చదివే పద్ధతి, వాడుకొనే పద్ధతి

ఒక కంపెనీ షేరు గడచిన కాలంలో ఏ రోజున ఏ ధరకు చేతులు మారినదో తెలిపే పట్టికనే ఆ షేరు ధరల చరిత్ర అంటారు. దీనితో పని షేరు వ్యాపారులకు మాత్రమే అనుకోవడం పొరపాటు. పెద్దలు కొని ట్రంకు పెట్టెలో దాచిన షేరు పత్రాలు బయటపడినప్పుడు, అన్నదమ్ములు ఆస్తి పంచుకొనేటప్పుడు, అమ్మిన షేర్లపై ఆదాయపు పన్ను లెక్క కట్టేటప్పుడు ఈ పాత ధరలు ప్రతి కుటుంబానికీ అవసరమవుతాయి. అంకెను తప్పుగా చదివితే చెల్లించవలసిన దానికన్న ఎక్కువ పన్ను కట్టడమో, తక్కువ చూపి నోటీసు అందుకోవడమో జరుగుతుంది.

ఈ విషయం బోధపడడానికి ఇన్ఫోసిస్ కంటె మంచి ఉదాహరణ అరుదు. కోలారు, బళ్ళారి, హోసూరు ప్రాంతాల తెలుగు కుటుంబాలకు బెంగళూరులోని ఈ సంస్థ పేరు కొత్తది కాదు. 1993 ఫిబ్రవరిలో ఇన్ఫోసిస్ తన షేర్లను ప్రజలకు ఒక్కొక్కటి 95 రూపాయలకు అమ్మజూపినది. అప్పుడు వాటికి తగినంత గిరాకీ రాలేదు. మోర్గాన్ స్టాన్లీ అనే విదేశీ సంస్థ 13 శాతం వాటా తీసుకొని ఆ లోటును పూడ్చినది. అదే సంవత్సరం జూన్‌లో షేరు మార్కెట్టులో 145 రూపాయలతో మొదలైనది. ఇవి కాగితం మీద నిలిచిన నిజమైన ధరలు. అయితే నేడు ఏదైనా ధరల రేఖాపటంలో 1993 జూన్ నాటి ఇన్ఫోసిస్ ధర వెదికితే 145 కనబడదు. 14 పైసలు అని కనబడుతుంది! చూచినవారు పట్టిక తప్పు అనుకొంటారు. తప్పు కాదు. రెండు అంకెలూ సరియైనవే, కాని అవి రెండు వేరు వేరు వస్తువుల ధరలు.

కారణం బోనసు షేర్లు, షేరు విభజన. ఒకటికి ఒకటి బోనసు ఇస్తే వంద షేర్లు ఉన్నవానికి మరొక వంద ఉచితంగా చేరుతాయి. కంపెనీ ఆస్తి మాత్రం ఆ రోజున పైసా కూడ పెరగదు. కనుక షేరు ధర సగానికి దిగుతుంది. 10 రూపాయల ముఖ విలువ గల షేరును 5 రూపాయల షేర్లు రెండుగా విభజించినా జరిగేది ఇదే. ఇన్ఫోసిస్ 1994, 1997, 1999 సంవత్సరాలలో ఒకటికి ఒకటి చొప్పున బోనసు ఇచ్చినది. 2000లో షేరును రెండుగా విభజించినది. 2004లో ఒకటికి మూడు చొప్పున, ఆ తరువాత 2006, 2014, 2015, 2018లలో మళ్ళీ ఒకటికి ఒకటి చొప్పున బోనసు ఇచ్చినది. 1993లో వంద షేర్లు కొని ఒక్కటి కూడ అమ్మని వారి లెక్క ఇలా నడుస్తుంది: 200, 400, 800, 1,600, ఆపైన నాలుగింతలై 6,400, తరువాత 12,800, 25,600, 51,200, చివరకు 1,02,400. అనగా నాటి ఒక షేరు నేటి 1,024 షేర్లకు సమానం. 145ను 1,024తో భాగిస్తే వచ్చేది సుమారు 14 పైసలు. ఇలా వెనుకటి ధరలను నేటి షేరు కొలతకు తగ్గించి చూపితే దానిని సర్దుబాటు ధర అంటారు. ఆ రోజున నిజంగా పలికినది అసలు ధర.

సరిహద్దు గ్రామాల రైతులకు దీనిని వేరుగా వివరించనక్కరలేదు. కర్ణాటక వైపు ఎకరానికి 40 గుంటలు, ఆంధ్ర వైపు ఎకరానికి 100 సెంట్లు. గుంట ధరను సెంటు ధరతో పోల్చి భూమి చవక అయినదనేవాడు ఉండడు. షేర్ల విషయంలో మాత్రం చదువుకొన్నవారు సైతం ఈ పని చేస్తారు. 2004 జూలైలో ఒకటికి మూడు బోనసు అమలులోకి వచ్చినప్పుడు ఇన్ఫోసిస్ అసలు ధర ఒక్కసారిగా నాలుగవ వంతుకు దిగినది. అసలు ధరల పట్టిక మాత్రమే చూచినవానికి అది ఘోరమైన పతనంగా తోచవచ్చు. అందువలన షేరు సంవత్సరాల పొడవునా పెరిగినదా, తరిగినదా అని తెలుసుకొనడానికి సర్దుబాటు ధర వాడాలి. ఫలానా తేదీన ఎంతకు కొన్నారు, ఆ రోజు ధర ఎంత అనే దానికి అసలు ధర వాడాలి.

అసలు ధరలకు ప్రామాణికమైన చోటు స్టాక్ ఎక్స్ఛేంజిల సొంత దస్త్రాలే. ముంబయి స్టాక్ ఎక్స్ఛేంజి, నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి రెండూ కంపెనీ పేరు, తేదీల మధ్య కాలం ఇస్తే పట్టికను ఉచితంగా చూపుతాయి. నేషనల్ ఎక్స్ఛేంజిలో షేర్ల వ్యాపారం 1994 నవంబరులో గాని మొదలు కాలేదు. అంతకు ముందరి ధరలను అక్కడ వెదకడం వృథా. పట్టికలో ప్రారంభ ధర, ఆ రోజు గరిష్ఠం, కనిష్ఠం, ముగింపు ధర, చేతులు మారిన షేర్ల సంఖ్య అనే వరుసలు ఉంటాయి. చివరి వ్యాపారం ధర, ముగింపు ధర ఒకటే అనుకోరాదు. చివరి అరగంటలో జరిగిన వ్యాపారాల సగటును ముగింపు ధరగా తీసుకొనే పద్ధతి ఇక్కడ చాలా కాలం నడిచినది. పేరు మారిన కంపెనీల విషయంలోనూ జాగ్రత్త అవసరం. 2011కు ముందరి పత్రాలపై ఇన్ఫోసిస్ పేరు ఇన్ఫోసిస్ టెక్నాలజీస్ అని ఉంటుంది.

పట్టిక చూడగానే అది అసలు ధరలదా, సర్దుబాటు ధరలదా అన్న సందేహం తీర్చుకొనడానికి సులువైన ఉపాయం ఒకటి ఉన్నది. బోనసు అమలైన తేదీకి ముందు రోజు, ఆ రోజు ధరలు పక్కపక్కన చూడాలి. సగానికి దిగినట్లు కనబడితే అవి అసలు ధరలు. ఏమీ జరగనట్లు నడిస్తే సర్దుబాటు చేసినవి. కొందరు డివిడెండును కూడ వెనుకటి ధరలలో నుండి తీసివేస్తారు, అప్పుడు అంకె ఇంకా చిన్నదవుతుంది.

ఇక పన్ను సంగతి. ఎక్స్ఛేంజిలో అమ్మిన షేర్లపై దీర్ఘకాలిక లాభానికి 2018 మార్చి 31 వరకు పన్ను లేదు. ఆ తరువాత పన్ను వచ్చినది గాని, అంతవరకు పెరిగిన లాభాన్ని వదిలివేయడానికి 2018 జనవరి 31ని గీతగా పెట్టారు. ఆ తేదీకి ముందు కొన్న షేరుకు, ఆ రోజు ఎక్స్ఛేంజిలో పలికిన గరిష్ఠ ధర, అమ్మిన ధర, ఈ రెండింటిలో తక్కువది తీసుకొంటారు. దానిని కొన్న ధరతో పోల్చి, ఏది ఎక్కువైతే దానినే ఖర్చుగా లెక్కిస్తారు. కనుక చాలా కుటుంబాలకు అన్ని పాత ధరలలోనూ ముఖ్యమైనది ఈ ఒక్క రోజు ధరే.

ఇక్కడనే చిక్కు వస్తుంది. 2018 జనవరి 31న ఇన్ఫోసిస్ అసలు ధర సుమారు 1,150 రూపాయలు. ఆ సంవత్సరం సెప్టెంబరులో ఒకటికి ఒకటి బోనసు వచ్చినందున నేటి రేఖాపటం అదే రోజుకు సుమారు 575 చూపుతుంది. ఒక కుటుంబానికి గీత నాటికి వంద షేర్లు ఉన్నాయనుకోవాలి. బోనసుతో రెండు వందలైనవి. 2024 జూలై 23 తరువాత అన్నిటినీ 1,500 చొప్పున అమ్మారనుకోవాలి. మొదటి వందకు ఖర్చు 1,150, లాభం 35,000. గీత దాటిన తరువాత వచ్చిన బోనసు షేర్లకు చట్టం ప్రకారం ఖర్చు సున్న, కనుక లాభం 1,50,000. మొత్తం లాభం 1,85,000. సంవత్సరానికి 1,25,000 వరకు మినహాయింపు పోగా మిగిలిన 60,000పై 12.5 శాతం, అనగా 7,500 రూపాయలు పన్ను, దానిపై సెస్సు. రెండు వందల షేర్లకూ 1,150 వేసుకొన్నవారు లాభం 70,000 మాత్రమే అనుకొని పన్నే లేదని ఊరుకొంటారు. నోటీసు వచ్చేది వారికే.

రెండు వందలకూ 575 వేసుకొన్నచో మొత్తం లాభం సరిగానే వస్తుంది. కాని అది యాదృచ్ఛికం. వంద మాత్రమే అమ్మితే డీమ్యాట్ ఖాతాలో ముందు చేరినవే ముందు అమ్ముడైనట్లు లెక్క. వాటిపై నిజమైన లాభం 35,000 కాగా, 575 చూచుకొన్నవారికి అది 92,500గా కనబడుతుంది. ఒక మాట విడిగా చెప్పాలి: ఈ చిక్కు గీత తరువాత వచ్చిన బోనసులకే. 2015లో గాని, అంతకు ముందు గాని వచ్చిన బోనసు షేర్లకు కూడ 1,150 ధరే వర్తిస్తుంది. పన్ను రేటు, మినహాయింపు మారుతూ ఉంటాయి గనుక అమ్మిన సంవత్సరపు నిబంధన చూచుకొనడం అవసరం.

తండ్రి షేర్లు పిల్లలకు సంక్రమించినప్పుడు, ఆయన మరణించిన నాటి ధరే తమ ఖర్చు అని చాలామంది భావిస్తారు. మన దేశపు పన్ను చట్టంలో అలా లేదు. ఆయన కొన్న ధర, ఆయన కొన్న తేదీ వారసులకు వర్తిస్తాయి. మరణించిన నాటి ధర పంపకాల మాటలకు పనికి వస్తుంది, పన్నుకు పనికి రాదు.

కంపెనీలో ఒక భాగం విడిపోయినప్పుడు కూడ ధర జారుతుంది. 2023 జూలైలో రిలయన్స్ నుండి జియో ఫైనాన్షియల్ వేరుపడినప్పుడు ముందు రోజు 2,841.85గా ఉన్న షేరు 2,580 దగ్గర నిలిచినది. తేడా అయిన 261.85 పోలేదు, కొత్త షేరుగా అదే ఇంటికి వచ్చినది.

పాత ధరలను చూపి భవిష్యత్తు అమ్మజూపేవారు కూడ ఉన్నారు. 9,500 రూపాయలు 1,02,400 షేర్లయిన ఇన్ఫోసిస్ కథను వారు తప్పక చెబుతారు. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ కథ చెప్పరు. 2008లో 544 రూపాయల వరకు పోయిన ఆ షేరు, 2009 జనవరి 7న సంస్థ అధ్యక్షుడు లెక్కలు కల్పితమని ఒప్పుకొన్న రోజున సుమారు 179 నుండి 40కి పడినది. ముందు రోజు వరకు ఉన్న ధరల పట్టికలో ఆ లెక్కల గుట్టు ఎక్కడా లేదు. అంతేకాక, నేటి జాబితాలో ఆ పేరే లేదు. ఉన్నవాటి చరిత్ర మాత్రమే చూస్తే అన్ని షేర్లూ పెరిగినట్లే తోస్తుంది.

పేరు పోయినంత మాత్రాన పత్రం చెత్త కాదు. 2013లో సత్యం టెక్ మహీంద్రాలో కలిసినప్పుడు 2 రూపాయల ముఖ విలువ గల 17 సత్యం షేర్లకు 10 రూపాయల ముఖ విలువ గల 2 టెక్ మహీంద్రా షేర్లు ఇచ్చారు. 2015లో టెక్ మహీంద్రా ఒకటికి ఒకటి బోనసు ఇచ్చి, షేరును రెండుగా విభజించినది. విలీనం నాడు 1,700 సత్యం షేర్లు ఉన్న ఇంటికి నేడు 800 టెక్ మహీంద్రా షేర్లు రావలసి ఉన్నవి. వరుసగా ఏడేళ్ళు డివిడెండు తీసుకొనకపోతే అవి కేంద్ర ప్రభుత్వపు మదుపుదారుల రక్షణ నిధికి బదిలీ అయి ఉంటాయి. వారసత్వ పత్రాలతో దరఖాస్తు చేసి వాటిని తిరిగి పొందవచ్చు. ముందుగా కంపెనీ రిజిస్ట్రారుకు ఫోలియో సంఖ్యతో జాబు వ్రాయవలెను.