చదరంగం గింజలు, ఎర్రగుడి అంకె

కర్నూలు జిల్లా జొన్నగిరి దగ్గర ఎర్రగుడి గుట్ట మీద అశోకుడి శాసనాలున్నాయి. అవి 1920ల చివర ఒక భూగర్భ శాస్త్రవేత్త కంటపడ్డాయి. వాటిలో లఘు శాసనం రాత విచిత్రం. కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి పోతే, కొన్ని మడక తిప్పిన ఎద్దుల్లా కుడి నుంచి ఎడమకు వస్తాయి. అందులో 256 అనే సంఖ్య ఉంది. అశోకుడి యాత్రలో 256వ రాత్రి అని చాలామంది పండితుల వివరణ. అప్పటికి స్థానవిలువ లేదు. 200కి ఒక గుర్తు, 50కి ఒకటి, 6కి ఒకటి పక్కపక్కన చెక్కారు.

చెక్కినవాడికి చదరంగంతో పనిలేదు గానీ, ఆ 256 చదరంగం బల్ల మీద తొమ్మిదో గడి లెక్క. మొదటి గడిలో ఒక గింజ, తర్వాత గడిగడికీ రెట్టింపు. అరవై నాలుగు గడులూ నిండేసరికి మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు. వడ్లగింజ 25 మిల్లీగ్రాములనుకుంటే సుమారు 46 వేల కోట్ల టన్నులు! సీమ కరువు మాట అటుంచి, ఏ రాజు గాదెలోనూ అన్ని గింజలుండవు.

క్రీ.శ. 1000 ప్రాంతంలోనే అల్‌ బిరూనీ ఈ సంఖ్య రాశాడు. తెలుగులో ఇది చంపకమాలగా నిలిచింది. సంస్కృతంలో మహావీరాచార్యుడు రాసిన గణితాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లనదని చెప్పుకునే పద్యమది. అంకెకో మాట: చంద్రుడంటే 1, వేదమంటే 4, ఆకాశమంటే సున్న. చదవడం ఒకట్ల స్థానం నుంచి. మొదట వచ్చే శర, శశి, షట్క అంటే 5, 1, 6, తిప్పితే 615. తర్వాత ఒకచోట వరుసగా రెండు 5లు పడ్డాయి. కవి మొదటిదానికి ‘శర’ అని, రెండోదానికి ‘సాయక’ అన్నాడు. రెండూ బాణాలే. కానీ పదకొండో అక్షరం గురువు కావాలి, పాదం మొదటి ‘శ’తో యతి కుదరాలి, ‘సా’ రెండు పనులూ చేసింది. వల్లించేవాడు మాట తప్పితే ఛందస్సే పట్టిస్తుంది. కాగితం మీద ఇరవై అంకెలకు ఆ కాపలా ఎక్కడిది?

ఆ గింజల మొత్తాన్ని భాగించే ప్రధాన సంఖ్యలు 3, 5, 17, 257, 641, 65537, 6700417 మాత్రమే. వీటిలో 641 అంత సులువుగా దొరకలేదు. ఫెర్మా ప్రధాన సంఖ్య అనుకున్న 4294967297ను 641 భాగిస్తుందని ఆయిలర్ 1732లో తేల్చాడు.

ఆ పద్యంలోలా మాటల్లో అంకెలు దాచే అలవాటు శాసనాల తేదీల్లోనూ కనిపిస్తుంది. 1820లో కడపకు ఉద్యోగానికొచ్చి, తర్వాత అక్కడే తన బంగళాలో పండితులను పెట్టుకుని తాళపత్రాలు పరిష్కరించిన సి.పి. బ్రౌన్, కాలగణన మీద 1863లో అచ్చువేసిన పుస్తకంలో ఈ సంకేతాలకూ చోటిచ్చాడు. ఆ బంగళా స్థలంలోనే నేటి బ్రౌన్ గ్రంథాలయం ఉంది. మీ ఊరి గుడి శాసనంలో శకవర్షం ఇలా మాటల్లో ఉంటే, చివరి మాట నుంచి వెనక్కి చదివి 78 కలపండి. క్రీస్తు శకం వస్తుంది.